2,400 కిలోమీటర్లు తిరిగిన కారుకి ఇప్పుడే ఆయిల్ మార్పించాలా?

నెల్లూరు_కొత్తకారు:
అందరికీ నమస్కారం. పోయిన దసరాకి మా నాన్న కోసం 1.2 లీటర్ పెట్రోల్ కారు తీసుకున్నాం. ఎనిమిది నెలలైంది, మీటరు మీద 2,400 కిలోమీటర్లు ఉన్నాయి. మొదటి సర్వీస్‌లో అన్నీ చూసి పంపించారు, ఆయిల్ మార్చలేదు. పుస్తకంలో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అని ఉంది. మా వీధి చివర మెకానిక్ మాత్రం "కొత్త ఇంజన్‌లో ఇనుప రజను దిగుతుంది, వెయ్యికే మార్చాల్సింది, ఇప్పటికే లేటు" అంటున్నాడు. సర్వీస్ సెంటర్లో అడిగితే "అవసరం లేదు సార్, కావాలంటే డబ్బు కట్టి మార్పించుకోండి" అన్నారు. నాన్న ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో కొన్న కారు, టెన్షన్‌గా ఉంది. మీలో ఎవరైనా ముందే మార్పించారా? వారంటీకి ఇబ్బంది ఉంటుందా?

గాజువాక_బోరింగ్:
ఇరవై రెండేళ్లుగా ఇంజన్ బోరింగ్ పని చేస్తున్నాను తమ్ముడూ. మీ మెకానిక్ మాట ఊరికే పుట్టింది కాదు. సిలిండర్ బోర్‌కి హోనింగ్ (రాయితో సానపట్టడం) చేసేటప్పుడు లోపలి గోడ మీద వలలాగా అడ్డగీతలు వదులుతాం. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. కొత్త పిస్టన్ రింగులు ఆ గీతల అంచులను రాసుకుంటూ మెల్లగా బోర్‌లో కుదురుకుంటాయి. అప్పుడు రాలే లోహమంతా ఆయిల్‌లోకే వస్తుంది. మా దగ్గర రీబోర్ చేసిన, అంటే అరిగిన సిలిండర్ మళ్లీ తొలిచిన బండికి 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్చేయమని ఈ రోజుకీ చెబుతాను.

అయితే మా లేత్ షాపు పని వేరు, ఫ్యాక్టరీ పని వేరు. వాళ్లు హోనింగ్‌లోనే ఆ మొనలను చాలావరకు కొట్టేస్తారు, భాగాలను కడిగి బిగిస్తారు. అందుకని రాలేది తక్కువ. అందులోనూ పెద్ద రేణువులు ఫిల్టర్‌లో ఆగిపోతాయి, మరీ సన్నవి మాత్రం ఆయిల్‌తో పాటు తిరుగుతుంటాయి. వెయ్యికి మార్చకపోతే ఇంజన్ పాడైపోతుందనడం తప్పు. సరైన ఆయిల్‌తో ఒకసారి ముందుగా మార్చినందుకు ఇంజన్ పాడైన కేసు కూడా నేను చూడలేదు.

ఒక్క విషయం చెప్పండి. నాన్నగారు రోజూ ఎంత దూరం నడుపుతారు?

ఖమ్మం_రైడర్:
మెకానిక్‌లకి ఈ అలవాటు బైకుల దగ్గర నుంచి వచ్చిందని నా అభిప్రాయం. మన మామూలు బైకుల్లో ఇంజన్, గేర్లు, క్లచ్ అన్నీ ఒకే ఆయిల్‌లో నడుస్తాయి. కొత్త గేర్ల నుంచి రాలిన పొడి, క్లచ్ ప్లేట్ల అరుగు అంతా అందులోనే కలుస్తుంది. అందుకే మొదటి సర్వీస్‌లోనే ఆయిల్ మారుస్తారు. కారు గేర్‌బాక్స్ ఆయిల్ వేరే ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

డాలస్_తెలుగు:
ఇక్కడ హోండా ఓనర్ మాన్యువల్స్‌లో, కొత్త కారుతో వచ్చిన ఆయిల్‌ని షెడ్యూల్ కంటే ముందు మార్చొద్దనే రాసి ఉండటం చూశాను. నేను మాత్రం నా కారుకి (వేరే కంపెనీది) 3,000 మైళ్లకే మార్పించి, పాత ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపాను. ఇనుము, రాగి, సిలికాన్ మూడూ ఎక్కువే వచ్చాయి. సిలికాన్ చూసి ఎయిర్ ఫిల్టర్‌లోంచి దుమ్ము పోతోందేమో అని భయపడ్డాను. కొత్త ఇంజన్ జాయింట్లకు పూసే సీలెంట్ నుంచి కూడా సిలికాన్ వస్తుందని ల్యాబ్ వాళ్లు చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత 5,000 మైళ్లు నడిపిన రెండో ఆయిల్‌లో మూడూ సగానికి పైగా తగ్గాయి. అంటే రజను నిజంగానే ఉంటుంది. దాన్ని ముందే తీసేసినందుకు నా ఇంజన్ ఆయుష్షు పెరిగిందా అంటే ఆ రిపోర్టులు చెప్పలేవు. ఎప్పుడు మార్చాలో మీ కారు పుస్తకమే చూడండి.

కూకట్‌పల్లి_టు_గచ్చిబౌలి:
నా అనుభవం విన్నాక నిర్ణయించుకోండి. నేను 4,000కే తొందరపడి బయట గ్యారేజ్‌లో మార్పించాను. పుస్తకంలో ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం) 0డబ్ల్యూ-16 అని ఉంది. వాళ్లేమో "మన ఎండలకి ఇంత పల్చటిది ఆగదు" అని 20డబ్ల్యూ-50 పోశారు. పైగా ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద పై గీత దాటి పోశారు. పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు పైనుంచి టకటకమని శబ్దం, మైలేజ్ కూడా తగ్గింది. ఇప్పటి ఇంజన్లలో వాల్వ్ టైమింగ్‌ని మార్చేది కూడా ఆయిల్ ప్రెషరే, దారులు చాలా సన్నగా ఉంటాయి. చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. మట్టం ఎక్కువైతే క్రాంక్ తగిలి ఆయిల్ నురుగు కడుతుంది. చివరికి అదంతా తీయించి మళ్లీ సరైన గ్రేడ్ పోయించాను. ఆయిల్ మార్చకుండా ఉన్నా నాకు ఇంత నష్టం జరిగేది కాదు.

ఇంకో మాట. కిలోమీటర్లు ఒక్కటే లెక్క కాదు, ఇంజన్ తిరిగిన గంటలు చూడాలి. మా రూట్‌లో సగటు వేగం 20 దాటదు. 10,000 కిలోమీటర్లంటే 500 గంటలు. హైవే మీద 60 సగటుతో అదే దూరం 170 గంటల లోపే అయిపోతుంది. అందుకే నేను ఇప్పుడు 5,000కి ఒకసారి మారుస్తున్నాను, పుస్తకంలోని గ్రేడ్‌తోనే.

నెల్లూరు_కొత్తకారు:
గాజువాక అన్నా, ఇంటి నుంచి కొట్టుకి రెండున్నర కిలోమీటర్లు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తారు. రోజుకి నాలుగు ట్రిప్పులు, మొత్తం పది కిలోమీటర్లు. ఊరి బయటికి తీసింది లేదు.

గాజువాక_బోరింగ్:
ఇదే నేను అడగాలనుకున్నది. రజను సంగతి వదిలేయండి, మీ అసలు సమస్య ఇది. ఎనిమిది నెలల్లో దాదాపు 960 సార్లు స్టార్ట్ చేశారు, ఒక్కసారి కూడా ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఉండదు. నెల్లూరు ఎండకి ఇంజన్ చల్లగా ఎలా ఉంటుందని అనిపించవచ్చు. బయట 40 డిగ్రీలున్నా ఆయిల్‌కి అది చాలదు, అది 90, 100 దాకా కాగి కొంతసేపు అలాగే ఉండాలి. అప్పుడే అందులో చేరిన నీటి చెమ్మ, కాలకుండా జారిన పెట్రోల్ ఆవిరై పోతాయి. రెండున్నర కిలోమీటర్లలో ఆయిల్ అంత కాగదు.

మీ పుస్తకంలో కఠిన పరిస్థితుల్లో వాడకానికి వేరే పట్టిక ఉందేమో చూడండి. చిన్న చిన్న ట్రిప్పులు, దుమ్ము రోడ్లు, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడపడం సాధారణంగా అందులోకే వస్తాయి. చాలామంది ఆ పేజీ తిప్పరు. ఉదయం స్టార్ట్ చేయకముందు, బండి సమంగా ఉన్నచోట డిప్‌స్టిక్ తీసి చూడండి. మట్టం పెరిగినట్టున్నా, పెట్రోల్ వాసన వస్తున్నా ఏడాది దాకా ఆగొద్దు. నల్లగా ఉందని మాత్రం కంగారుపడకండి, రంగుని బట్టి ఆయిల్ పోయిందని చెప్పలేం.

కరీంనగర్_డీజిల్:
డీజిల్ వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. బీఎస్6 కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్‌లో చేరిన మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ పంపుతుంది. ఊళ్లోనే తిప్పుతూ మధ్యలో ఆపేస్తుంటే ఆ డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. మా బావ కారుకి 6,000కే మట్టం పై గీత దాటింది. ఆయన ఆయిల్ తగ్గలేదని సంతోషించాడు! వెంటనే మార్పించాం.

కూకట్‌పల్లి_టు_గచ్చిబౌలి:
వారంటీ గురించి ఎవరూ చెప్పలేదు. ముందుగా మార్పించడం వల్ల ఇబ్బంది రాదు, గ్రేడ్ తప్పితేనో బిల్లు లేకపోతేనో వాదనకి తావు. ఏడాది సర్వీస్ కూడా మానొద్దు. ఇంజన్ ఫ్లష్, ఆయిల్‌లో కలిపే సీసాలు అంటగడితే వద్దనండి. కొత్త ఇంజన్‌లో కడగడానికి ఏముంటుంది?

నెల్లూరు_కొత్తకారు:
నిన్న పని అయింది. ముందు డిప్‌స్టిక్ చూశాను, మట్టం పై గీతకి కొంచెం పైనే ఉంది, పెట్రోల్ వాసన నాకే తెలిసింది. పుస్తకంలో అన్న చెప్పిన పట్టిక కూడా ఉంది, 5,000 లేదా ఆరు నెలలు అని. కంపెనీ సర్వీస్ సెంటర్లోనే మార్పించాను. ఆయిల్, ఫిల్టర్, డ్రెయిన్ బోల్ట్ వాషర్, లేబర్ కలిపి 2,650 రూపాయలైంది. బిల్లు మీద గ్రేడ్ రాయించుకున్నాను, మట్టం రెండు గీతల మధ్య ఉందని చూసుకునే బయటికి తెచ్చాను.

నాన్నకి విషయం చెబితే, ఇక ఆదివారం ఆదివారం అమ్మని కూర్చోబెట్టుకుని మైపాడు బీచ్ దాకా వెళ్లొస్తానన్నారు.