వాషింగ్ మెషీన్ నీళ్ళు మళ్ళీ వాడటం: అద్దె ఫ్లాట్‌లో ఎలా? (బెంగళూరు)

మహదేవపుర_బాల్కనీ:
ఫ్రంట్ లోడ్ మెషీన్ యుటిలిటీలో ఉంది. బోరు, ట్యాంకరే దిక్కు. గోడ కొట్టకుండా ఆ నీళ్ళు కమోడ్‌కీ మొక్కలకీ మళ్ళించాలి. డ్రమ్ము ఎంతది కావాలి, గొట్టం ఎలా పెట్టాలి?

మేడతోట:
ఫ్రంట్ లోడ్ ఒక ఉతుకుకి సుమారు 50-60 లీటర్లు వదులుతుంది. మూతున్న 100 లీటర్ల డ్రమ్ము చాలండి. ట్యాపు అడుగు నుంచి రెండంగుళాల పైన పెట్టించండి, మడ్డి కిందే ఆగుతుంది. గొట్టం చివర నేల నుంచి 60-100 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. అంతకంటే ఎత్తైతే పంపు తోయలేదు. కిందికి దిగితే సైఫన్ పట్టి, మెషీన్ నింపుకున్న నీళ్ళు నింపుకున్నట్టే బయటికి పోతాయి. చివర డ్రమ్ము నీళ్ళలో మునగనివ్వకండి, మురికి వెనక్కి లాగుతుంది.

నల్లా_మరమ్మత్తు:
మొదటి విడత నీళ్ళు పట్టకండి. సబ్బు, మట్టి ఎక్కువగా ఉండేది అందులోనే. ట్రాపులో (నేలలోని డ్రైనేజీ రంధ్రం) ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు 75 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టి, మొదట గొట్టాన్ని అందులో వేలాడదీయండి. జాలాడింపు మొదలయ్యాక డ్రమ్ములోకి మార్చండి. పైపు నోటి దగ్గర టేపు చుట్టకండి, గాలి ఆడకపోతే మళ్ళీ సైఫనే. గొట్టం చివర పాత నైలాన్ సాక్సు కడితే దూది, వెంట్రుకలు ఆగుతాయి. ప్రతి ఉతుకూ అయ్యాక దాన్ని దులపాలి. పూడుకుపోతే మెషీన్ నీళ్ళు వదల్లేక ఎర్రర్ చూపిస్తుంది.

మహదేవపుర_బాల్కనీ:
రెండోరోజుకి కుళ్ళు కంపు వస్తుందంటున్నారు. ఫినాయిల్ పోస్తే?

మేడతోట:
వద్దండి, వాసన కప్పుతుందంతే, మొక్కలకీ చేటు. నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయాక సూక్ష్మజీవులు చేసే వాసన అది. 24 గంటల్లో ఖాళీ చేయడమొక్కటే మందు. ఫ్లష్ ట్యాంకులో పోయకుండా కమోడ్‌లోకే ఒక్క ఊపున 6 లీటర్లు పోయండి. ట్యాంకులో పోస్తే సబ్బు జిగురుకి వాచరు పట్టదు, నీళ్ళు కారుతూనే ఉంటాయి.

కుండీల_లోకం:
మొక్కల సంగతి చెప్తాను. పౌడర్లలో సోడియం ఎక్కువ, లిక్విడ్ మేలు. అరటి, మెట్టతామర తట్టుకుంటాయి. ఆకుకూరలకీ, పచ్చిగా తినేవాటికీ పోయొద్దు. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. కుండీ మట్టిపై తెల్లటి పొర కట్టినా, పోసిన నీళ్ళు ఇంకకుండా నిలిచినా ఉప్పు పేరినట్టే. నాలుగోసారికోసారి మంచినీళ్ళు అడుగునుంచి కారేదాకా పోయాలి. పసిపిల్లల డైపర్ గుడ్డలు, బ్లీచ్ వేసిన ఉతుకు మాత్రం నేరుగా డ్రైనేజీకే.

కేఆర్‌పురం_సంపు:
నాన్‌రిటర్న్ వాల్వు (నీళ్ళు వెనక్కి పోనివ్వనిది) పెట్టి సంపులోకే కలిపేస్తే మోసే పని తప్పుతుంది కదా?

నల్లా_మరమ్మత్తు:
దయచేసి ఆ పని చేయకండి. వాల్వులో ఒక్క దూదిపోగు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు, ఆ సంపు నీళ్ళు బిల్డింగంతా తాగుతుంది. డ్రమ్ముకీ మంచినీళ్ళ లైనుకీ ఎక్కడా కలయిక ఉండకూడదు. అంట్ల నీళ్ళు కూడా ఇందులో కలపకండి, జిడ్డుకి గంటల్లోనే పాడవుతుంది.

మేడతోట:
తాగేనీళ్ళ ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్ళకి వేరే బకెట్ పెట్టండి. లీటరు మంచినీళ్ళకి మూడు లీటర్లు వదిలే ఫిల్టరైతే, 800 టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) ఉన్న బోరు నీరు బయటికొచ్చేసరికి వెయ్యి దాటుతుంది. ఇల్లు తుడవడానికీ, అంట్లు తొలివిడత కడగడానికీ పనికొస్తుంది, మొక్కలకి వద్దు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగేనీళ్ళతో కార్లు కడిగినా, తోట తడిపినా 5,000 రూపాయల జరిమానా అంది, గుర్తుంది కదా. ఊరెళ్ళేటప్పుడు డ్రమ్ము ఖాళీ చేసి బోర్లించి వెళ్ళండి, దోమలు గుడ్లు పెట్టవు.