మనుషుల కోసం చూడాలనిపించే ఫోరెన్సిక్ సీరియల్ ఇంకేదైనా ఉందా?

మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. రాత్రి భోజనాలయ్యాక నేనూ అమ్మా కలిసి 'బోన్స్' చూసేవాళ్ళం. 2005 నుంచి 2017 దాకా వచ్చిన అమెరికన్ సీరియల్, 12 సీజన్లు. మేం ఈమధ్యే చూడటం పూర్తిచేశాం, ఇప్పుడేం చూడాలో తోచట్లేదు.

హంతకుడెవరో చాలాసార్లు సగంలోనే తెలిసిపోయేది. అయినా వదల్లేదు. కటి ఎముక చూసి ఆడో మగో, ఎముకల చివర్లు అతుక్కున్న తీరు చూసి వయసెంతో చెప్పేసే డాక్టర్ బ్రెన్నన్‌కి ఎదుటి మనిషి వేళాకోళం మాత్రం అర్థం కాదు. ఆమెతో కలిసి కేసులు చూసే ఎఫ్‌బీఐ ఏజెంట్ బూత్‌కేమో మనసు చెప్పేదాని మీదే గురి. వాళ్ళిద్దరి వాదులాట కోసమే కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషు అంతగా రాని అమ్మ కూడా "ఈ పిల్లకి లౌక్యం బొత్తిగా లేదే" అని తెగ బాధపడిపోయేది. (ల్యాబ్ రిజల్టులు అంత చిటికెలో రావడం నేనైతే నమ్మను, అది వేరే సంగతి.)

ఇలా ఏళ్ళ తరబడి మనుషులు మారుతూ, దగ్గరవుతూ కనిపించే ఫోరెన్సిక్ సీరియల్ మీకు తెలిస్తే చెప్పండి. తెలుగు డబ్బింగ్ ఉంటే మరీ మంచిది. మలయాళం, తమిళం అయినా పర్లేదు. రక్తపాతం మరీ ఎక్కువైతే మాత్రం అమ్మ లేచి వెళ్ళిపోతుంది, అది చూసుకుని చెప్పండి.