‘కంట్రీ మ్యూజిక్’ను జానపదం అనవచ్చునా?

ప్రశ్న: ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో కంట్రీ మ్యూజిక్ (అమెరికా దక్షిణాదిలో పుట్టిన ఒక పాటల శైలి) అన్న మాట అడుగడుగునా వస్తోంది. నేను ‘జానపద సంగీతం’ అన్నాను. ఎడిటర్ గారు కొట్టేసి ‘పల్లె సంగీతం’ చేశారు. ఏది సరైనదో పెద్దలు చెప్పాలి.

మొదటి జవాబు: జనపదం అంటే పల్లెసీమే కదా. వ్యుత్పత్తి ప్రకారం మీదే ఒప్పు.

రెండో జవాబు: వ్యుత్పత్తి ఒప్పుకున్నా వాడుక ఒప్పుకోదండి. జానపదం అనగానే కర్త ఎవరో తెలియని, నోటి నుంచి నోటికి వచ్చిన పాట గుర్తొస్తుంది. కంట్రీ మాత్రం దుకాణంలో అంటించిన చీటీ. 1920లలో రికార్డు కంపెనీలు అమెరికా దక్షిణాది పాటలను రెండు అరల్లో సర్దాయి: తెల్లజాతివారు పాడితే ‘హిల్‌బిల్లీ’ (కొండప్రాంతపు మొరటువాడు అని ఎగతాళి), నల్లజాతివారు పాడితే ‘రేస్’ రికార్డులు. ఊరు ఒకటే, చాలాసార్లు పాటా ఒకటే. హిల్‌బిల్లీ చీటీయే తర్వాత కంట్రీ అయింది. ‘పల్లె సంగీతం’ అంటే ఆ గోడ కనబడకుండా పోతుంది.

కంట్రీ పాటల్లో తరచూ వినిపించే తీగ వాయిద్యం బ్యాంజోనే చూడండి (మన దేశంలో మీటలు నొక్కే బుల్‌బుల్‌నూ బ్యాంజో అంటారు, అది వేరు). పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించినవారు, వారి సంతతి చేసుకున్న వాయిద్యం అది. ఎండిన సొరకాయ బుర్రను కోసి, తోలు బిగించి, కర్ర దూర్చి తీగలు కట్టేవారు. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా ప్రజల వాయిద్యం అకోంటింగ్‌కు బొటనవేలితో మీటే పొట్టి తీగ ఒకటి ఉంటుంది. పొడవాటి తీగను గోటితో కిందికి కొడతారు. పాత పద్ధతి బ్యాంజో వాదన కూడా అంతే.

ప్రశ్న అడిగినవారు: మరి కంట్రీ వేదికలపై నల్లజాతివారు లేరా?

రెండో జవాబు: లేకపోవడమా! కంట్రీ పాటల పేరుమోసిన రేడియో కార్యక్రమానికి ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అన్న పేరు పుట్టిందే నల్లజాతి వాద్యకారుడు డిఫోర్డ్ బెయిలీ వాయించిన రాత్రి. 1927లో నాష్‌విల్ రేడియోలో శాస్త్రీయ సంగీత కార్యక్రమం ముగిసింది. బెయిలీ మౌతార్గాన్‌పై రైలుబండిని పరుగెత్తించాడు. ఇంతసేపూ గ్రాండ్ ఆపెరా (పాశ్చాత్య శాస్త్రీయ సంగీత నాటకం) విన్నాం, ఇక గ్రాండ్ ఓల్ ఆప్రీ అని వ్యాఖ్యాత చమత్కరించాడు. ఆపెరాను పల్లెటూరి నోట పలికించిన ఆ వెక్కిరింతే పేరుగా నిలిచింది. బెయిలీని మాత్రం 1941లో తీసేశారు. బూట్లు పాలిష్ చేసి బతికాడు. కంట్రీ కీర్తిమందిరంలో చోటు 2005లో ఇచ్చారు. అప్పటికి ఆయన పోయి 23 ఏళ్లు.

నల్లజాతి కంట్రీ గాయకుడు చార్లీ ప్రైడ్ తొలి రికార్డులను రేడియోలకు ఫొటో లేకుండా పంపారు. అదే ప్రైడ్ 1971లో కంట్రీ సంఘంవారి ఆ ఏటి మేటి కళాకారుడయ్యాడు.

కాబట్టి నా ఓటు ‘కంట్రీ సంగీతం’కే.

ప్రశ్న అడిగినవారు: సరేనండి, అలాగే ఉంచుతాను. హిల్‌బిల్లీని ఏం చేయాలి?

మొదటి జవాబు: మనకు ‘బైతు’ ఉందిగా. ‘కొండబైతు’ అంటే?

రెండో జవాబు: ఎగతాళి సరిగ్గా పలికింది. రాసేయండి!