స్మార్ట్ వ్యూలో డేటా లేని సెల్‌కి సున్నా చూపించాలా, #మిస్సింగ్ అలాగే ఉంచాలా?

అడ్డువరుస
ఎస్‌బేస్ (ఒరాకిల్ వారి డేటాబేస్) క్యూబ్‌ల మీద పనిచేసే టీముకి స్మార్ట్ వ్యూ (ఆ డేటాని ఎక్సెల్‌లోకి తెచ్చే యాడ్-ఇన్) సెట్టింగులు ఖరారు చేసేటప్పుడు చాలావరకు గొడవ లేకుండా తేలిపోతాయి. ఇండెంటేషన్ ఎవరిష్టం వాళ్లది. లేఅవుట్ కట్టుకునేటప్పుడు నావిగేట్ వితౌట్ డేటా ఆన్ చేసి, అంతా కుదిరాక ఆఫ్ చేసి రిఫ్రెష్ కొడతాం. తేలనిది డేటా ఆప్షన్స్‌లోని మిస్సింగ్ లేబుల్ (డేటా లేని సెల్‌లో ఏం చూపించాలో చెప్పేది) ఒక్కటే. నా మాట: అక్కడ #న్యూమరిక్‌జీరో పెట్టాలి (ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా), అప్పుడు అలాంటి సెల్‌లో సున్నా వస్తుంది. డిఫాల్ట్‌గా వచ్చే #మిస్సింగ్ ఎక్సెల్ దృష్టిలో అంకె కాదు, అక్షరాలు. దాంతో =బి5-సి5 అన్న చిన్న తీసివేత కూడా #వాల్యూ! అని ఆగిపోతుంది. నివేదికలో వంద సెల్స్ అలా కనిపిస్తే చదివేవాడు ఫైలునే నమ్మడు.

బ్లాక్‌లెక్క
అడ్డువరుస గారూ, ఫైలు నమ్మకంగా కనిపించడం వేరు, అంకె సరిగ్గా ఉండటం వేరు. మూడు నెలలు తీసుకోండి: 120, 90, మూడో నెల డేటా ఇంకా రాలేదు. #మిస్సింగ్ ఉంటే యావరేజ్ ఫంక్షన్ దాన్ని వదిలేసి 105 ఇస్తుంది. #న్యూమరిక్‌జీరో ఉంటే 70. ఎర్రర్ ఏదీ కనపడదు, తప్పు మాత్రం నివేదికలో కూర్చుంటుంది. మీ #వాల్యూ! కనీసం అరిచి చెబుతుంది.

ఇంకా పెద్ద ప్రమాదం డేటా తిరిగి పంపేటప్పుడు. ఆ లేబుల్ కిందే సబ్మిట్ జీరో అని టిక్ ఉంటుంది. అది కూడా ఆన్‌లో ఉండగా ఎవరైనా సబ్మిట్ వితౌట్ రిఫ్రెష్ నొక్కారనుకోండి. మామూలు సబ్మిట్ మార్చిన సెల్స్‌నే పంపుతుంది, ఇది మార్చనివాటిని కూడా పంపుతుంది. అంటే గ్రిడ్‌లో ఖాళీగా ఉన్న ప్రతిచోటా సున్నా రాసుకుంటుంది. బ్లాక్ స్టోరేజ్ క్యూబ్‌లో (డేటాని బ్లాకులుగా దాచే రకం) దాని ఖర్చు చూడండి: పీరియడ్ డైమెన్షన్‌లో 17 మెంబర్లు (12 నెలలు, 4 త్రైమాసికాలు, 1 సంవత్సరం), అకౌంట్స్‌లో 200, రెండూ డెన్స్ (చాలావరకు నిండి ఉండే డైమెన్షన్లు, బ్లాకు వీటితోనే తయారవుతుంది) అనుకుందాం. బ్లాకులో 3,400 సెల్స్, సెల్‌కి 8 బైట్లు, మొత్తం 27,200 బైట్లు. ఇంతవరకు బ్లాకే లేని స్పార్స్ (అక్కడక్కడే డేటా ఉండే మిగతా డైమెన్షన్ల) కాంబినేషన్‌లో ఒక్క సున్నా పడితే చాలు, ఆ బ్లాకు మొత్తం పుడుతుంది. డిస్క్ మీద కంప్రెషన్ కాస్త కాపాడుతుందేమో గానీ, కాల్క్ (క్యూబ్‌లో లెక్కలు కట్టే స్క్రిప్ట్) నడిచేటప్పుడు మెమరీలోకి పూర్తి సైజులోనే వస్తుంది. పైగా కాల్క్ పై స్థాయిల్లో కూడా బ్లాకులు పుట్టిస్తుంది.

అడ్డువరుస
సబ్మిట్ జీరో టిక్ తీసేస్తే సరిపోతుంది కదా? నేనంటున్నది చదివే షీట్ల గురించి, డేటా నింపే షీట్ల గురించి కాదు.

డిఫాల్ట్
సరిపోదు, ఎందుకంటే ఈ ఆప్షన్లు షీటుకి అంటుకుని ఉంటాయి. మెంబర్, డేటా, ఫార్మాటింగ్ ట్యాబులు ఆ ఒక్క షీటుకే వర్తిస్తాయి. అడ్వాన్స్‌డ్, సెల్ స్టైల్స్ లాంటివి అన్నిటికీ. మీరు ఒక షీట్లో టిక్ తీసేసినంత మాత్రాన పక్క షీట్లో పోదు. ఓకే బటన్ పక్కనున్న బాణం నొక్కితే సేవ్ యాజ్ డిఫాల్ట్ ఆప్షన్స్ వస్తుంది, కానీ అది ఇకముందు తెరిచే షీట్లకి. ఇప్పటికే ఉన్న ఫైళ్లు వాటి పాత సెట్టింగులతోనే తిరుగుతాయి. చదవడానికి చేసిన షీటునే కాపీ కొట్టి ఎవరో బడ్జెట్ నింపడానికి వాడతారు, అసలు చిక్కు అక్కడే. టిక్ లేకపోతే మరో నష్టం: నిజంగా సున్నా రాయాల్సిన చోట రాయలేరు.

నిలువుగడి
లేబుల్ ముట్టుకోకుండా అడ్డువరుస గారి ఇబ్బంది తీరుతుంది. తీసివేతను =ఎన్(బి5)-ఎన్(సి5) అని రాయండి. ఎన్ ఫంక్షన్ అక్షరాలకి సున్నా ఇస్తుంది, అంకెని అంకెగానే వదులుతుంది. కూడిక అయితే ప్లస్ గుర్తుల బదులు సమ్ వాడండి, అది అక్షరాల్ని పట్టించుకోదు.

కంటికి ఇబ్బంది అంటారా, నంబర్ ఫార్మాట్ చాలు: #,##0;-#,##0;0; అని కస్టమ్‌లో రాయండి. చివరి సెమికోలన్ మరవకండి. దాని తర్వాత వచ్చే నాలుగో భాగం అక్షరాలది, అక్కడ ఏమీ రాయకపోతే #మిస్సింగ్ కనిపించదు. అసలు సున్నా మాత్రం 0 అనే కనిపిస్తుంది. లేబుల్ మారిస్తే పోయే తేడా ఇక్కడ మిగులుతుంది. ఫార్మాటింగ్ ట్యాబులో యూజ్ ఎక్సెల్ ఫార్మాటింగ్ ఆన్ చేయకపోతే మాత్రం మీ ఫార్మాట్ మీద స్మార్ట్ వ్యూ సెల్ స్టైల్స్ వచ్చి కూర్చుంటాయి. జూమ్ (మెంబర్ కింద ఉన్నవాటిని విప్పడం), పివట్ (అడ్డు నిలువులు మార్చడం) చేసేవాళ్లు మూవ్ ఫార్మాటింగ్ కూడా టిక్ చేయాలి.

చాలామంది దీనికి మందుగా సప్రెస్ రోస్‌లో మిస్సింగ్ (డేటా లేని వరుసల్ని తీసేసే ఆప్షన్) టిక్ చేస్తారు. నింపే షీట్లలో అది అసలు వద్దు. అడ్‌హాక్‌లో (గ్రిడ్‌ని ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటూ చూసే పద్ధతి) అలా పోయిన వరుస షీటు నుంచే పోతుంది. తర్వాత టిక్ తీసి రిఫ్రెష్ కొట్టినా తిరిగి రాదు, మళ్లీ జూమ్ ఇన్ చేయాలి. కొత్త అకౌంటుకి ఇంకా డేటా ఉండదు కాబట్టి, బడ్జెట్ రాయాల్సిన వరుసే మొదట మాయమవుతుంది.

అడ్డువరుస
ఫార్మాట్ సంగతి ఒప్పుకుంటున్నాను, చదివే షీట్లకి అదే పెడతాం. కానీ ఎన్ ఫంక్షన్ ప్రతి ఫార్ములాలో రాయమంటే అందరూ రాయరు. గ్రాఫుల సంగతేమిటి?

బ్లాక్‌లెక్క
గీతల గ్రాఫులో ఎక్సెల్ అక్షరాల సెల్‌ని ఎలాగూ సున్నా దగ్గరే గీస్తుంది, లేబుల్ మార్చి లాభం లేదు. పక్కన ఇంకో నిలువు వరుస పెట్టి =ఇఫ్(ఈజ్‌నంబర్(బి5),బి5,ఎన్ఏ()) రాసి, గ్రాఫుకి దాన్ని ఇవ్వండి. అప్పుడు డేటా రాని నెలకి గీత సున్నాకి పడిపోదు.

ఫార్ములాలు రాయనివాళ్ల కోసం #న్యూమరిక్‌జీరో తప్పదంటే, ఆ ఫైలు వాడేవాళ్లకి క్యూబ్‌లో చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. రాసే అనుమతి ఉన్నవాళ్ల షీట్లో ఆ లేబుల్‌కి నేను ఒప్పుకోను.