పూడ్చేసిన పాత నుయ్యి ఎక్కడుందో, నేలలోకి రేడియో తరంగాలు పంపి లోపలున్నది చూసే రాడార్ జీపీఆర్‌తో తెలుస్తుందా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం దగ్గర పల్లె. తాతల నాటి పెరట్లో ఇల్లు కట్టబోతున్నాం, కానీ అందులో ఒకప్పుడు రాతితో కట్టిన పెద్ద నుయ్యి ఉండేది, ఎప్పుడో మట్టీ చెత్తా పోసి పూడ్చేశారు, ఇప్పుడది కచ్చితంగా ఎక్కడో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పెదనాన్న కొబ్బరిచెట్టు మొదలు చూపిస్తారు, అమ్మేమో గోడవారనే అంటుంది. పిల్లర్ సరిగ్గా దాని మీద పడితే రేపు కుంగిపోతుందేమోనని ఒకటే టెన్షన్. జేసీబీ పెట్టి పెరడంతా తవ్వేద్దామంటాడు మేస్త్రి, గట్టి నేలను అలా గుల్ల చేసి దానిమీదే పునాది వేయడం నాకిష్టం లేదు.

జీపీఆర్ రేడియో తరంగాలు పొడి ఇసుకలో బాగానే దిగుతాయి, బంకమట్టిలోనూ ఉప్పునీటిలోనూ తొందరగా చచ్చిపోతాయి. మా పెరట్లో పైన ఇసుక, మూడు నాలుగు అడుగుల కింద నల్ల బంకమట్టి, నీళ్ళు కూడా కాస్త ఉప్పన. నాకు నుయ్యి అడుగుదాకా అక్కర్లేదు, పైనున్న రాతి వరస అంచు దొరికితే చాలు.

దీనికి 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా సరిపోతుందా, 200 కావాలా? వానలకు ముందే, నేల పొడిగా ఉన్నప్పుడే చేయించాలా? లేకపోతే మా నేలకి రెసిస్టివిటీ సర్వేయే (నేలలోకి కరెంటు పంపి అది ఎంత అడ్డుకుంటుందో కొలవడం) నయమా? విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ జియోఫిజిక్స్ విభాగం వాళ్ళు ఇలాంటి చిన్న స్థలాలకి వస్తారా? ఎవరైనా చేయించి ఉంటే ఖర్చు ఎంతయిందో కూడా చెప్పండి, ప్లీజ్.