అప్‌డేట్: తక్కువ నూనెతో బెండకాయ వేపుడు

నూనె తగ్గిస్తే బెండకాయ వేపుడు జిగురుగా ముద్దవుతోంది, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో బాగా పనిచేసింది ఉప్పు చివర్లో వేయడం. ముందే పడితే అది ముక్కలోంచి నీరు లాగేస్తుంది, ఆ తడికే జిగురు సాగుతుంది. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరాకే తరిగాను. వెడల్పాటి ఇనుప మూకుడులో రెండు చెంచాల నూనె, పోపు, కరివేపాకు. ముక్కలు పలచగా పరిచి, మూత పెట్టకుండా కాస్త పెద్ద మంట మీద వేయించాను. మొదట తీగలు సాగితే టెన్షన్ పడ్డాను గానీ, అంచులు ఎర్రబడేసరికి అవే పోయాయి. దించే ముందు ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి.

పెరుగు చెంచాడు వేయమన్న చిట్కా కూడా చూశాను. జిగురు తగ్గింది కానీ ముక్క మెత్తబడింది, ఆ పులుపు మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. పావుకిలో దాటితే మాత్రం రెండు విడతలుగా వేయించాల్సిందే.