పాత బజారు వీధికి మట్టి ఇటుకల పేవర్లు: సమావేశంలో ఏమేమి అడగాలి?

ప్రశ్న (ఇల్లినాయిస్ నుంచి):

అందరికీ నమస్కారం. ఇక్కడి ఒక చిన్న ఊరి పాత బజారు వీధిలో మాకు కిరాణా దుకాణం ఉంది. కిందటి నెల నీటి గొట్టం పగిలి తారు తవ్వితే, అడుగున ఎర్రటి ఇటుకల వరసలు బయటపడ్డాయి. ఒకటి ఇంటికి తెచ్చి కడిగాను. మీద ‘ప్యూరింగ్టన్’ అని అచ్చు ఉంది. ఎత్తితే ఇనుప దిమ్మలా ఉంది.

ఇప్పుడు వీధినంతా తవ్వి కొత్తగా పేవర్లు (నేల మీద పరిచే దిమ్మలు) పరుస్తామంటున్నారు. వచ్చే మంగళవారం ఊరివాళ్లతో సమావేశం. రంగు కలిపిన కాంక్రీటు పేవర్లు చాలని సగం మంది దుకాణదారులు అంటున్నారు. నాకు మట్టి ఇటుకే కావాలని ఉంది. కానీ ఈ చలి, మంచు మీద చల్లే ఉప్పు, సరుకు లారీలు తట్టుకుంటుందా? అక్కడ ఏమి అడగాలో చెప్పండి.

జవాబు (సివిల్ ఇంజనీరు, ఒహాయో):

అమ్మా, మీ చేతిలో ఉన్న ఇటుకే సగం జవాబు. మీ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్ ఊరి పక్కన ఉండిన ప్యూరింగ్టన్ బట్టీలది అది. అక్కడి షేల్‌ను, అంటే పొరలు పొరలుగా గట్టిపడ్డ మట్టిరాయిని, పొడిచేసి బాగా కాల్చి చేసేవారు. మీ రాష్ట్రంలోనే బ్లూమింగ్టన్‌లో 1877లో ఇటుక వీధి వేశారు. కాబట్టి ఆ చలికి మట్టి ఇటుక ఆగుతుందా అనే సందేహం అక్కర్లేదు. ఏ ఇటుక అన్నదే ప్రశ్న.

ఇండియాలో గోడకు వాడే ఇటుక 20 శాతం దాకా నీరు పీల్చినా ప్రమాణం ఒప్పుకుంటుంది. అటువంటిది వీధిలో పరిస్తే, పీల్చిన నీరు గడ్డకట్టి కొన్ని చలికాలాల్లోనే పొరలు పొరలుగా రాలిపోవచ్చు. లారీలు తిరిగే చోటికి ఏఎస్‌టీఎం (ఇక్కడి ప్రమాణాల సంస్థ) సి 1272 అనే ప్రమాణం ఉంది. అందులో ఇసుక మీద పరిచే రకాన్ని ‘టైప్ ఎఫ్’ అంటారు. సగటున 10,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి తట్టుకునే) బలం, కనీసం 67 మిల్లీమీటర్ల మందం ఉండాలి. నీరు పీల్చడం సగటున 6 శాతం దాటకూడదు. మనుషులు నడిచే చోటికి, తేలికపాటి బండ్లకు సి 902 అని వేరే ప్రమాణం ఉంది. డబ్బు మిగులుతుందని ఆ రకం ఇటుకను లారీల దారిలో పరవనివ్వకండి. టెండరు కాగితంలో ఏ నంబరు రాశారో మొదట అడగండి.

కాంక్రీటు పేవరులో రంగు కలిపింది. అరిగేకొద్దీ లోపలి కంకర తేలుతుంది. మట్టి ఇటుకలో రంగు కాల్పుతో వచ్చింది, అరిగినా లోపలా అదే ఎరుపు. ఖరీదు ఎక్కువ మాట నిజమే.

అయితే నా అనుభవంలో వీధి పాడయ్యేది పైన కాదు, కింద. ఇటుక కింద అంగుళం మందం ఇసుక ఉంటుంది. దాని కింద కాంక్రీటు పలక వేసి, నీరు పోయే దారి వదలకపోతే, ఆ ఇసుక నీటితో నిండి బురద అవుతుంది. చక్రం పడ్డ ప్రతిసారీ కొంత సందుల్లోంచి పైకి చిమ్ముతుంది. కొన్నాళ్లకు చక్రాల జాడలో గాడి పడుతుంది. నేను పనిచేసిన ఒక వీధిలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక ఇటుక పీకి చూస్తే కింద ఇసుక జావలా ఉంది. నకశాలో పలకకు రంధ్రాలు గీసి చూపించారు గానీ, పనిలో వేయలేదు. అందుకే “పలకలో నీటి రంధ్రాలు ఎక్కడ, ఎన్ని?” అని అడగండి. నకశా చూపించమనండి.

అంచు గట్టు గట్టిగా ఉండాలి. అది పక్కకు కదిలితే ఇటుకలు విచ్చుకుంటాయి. బండ్లు తిరిగే చోట హెరింగ్‌బోన్ (చేపముల్లు లాంటి) అమరికే వేయించండి. ఒక ఇటుక తల పక్క ఇటుక నడుముకు ఆనుతుంది కాబట్టి బ్రేకు వేసినప్పుడు వరస జారదు.

జవాబు (మరొకరు, బోస్టన్):

అక్కా, ఒక్కటి మరిచిపోకండి. మా మామగారు చక్రాల కుర్చీలో ఉంటారు. ఇక్కడి పాత ఇటుక కాలిబాటల మీద తోస్తుంటే ఆయన దంతాలు టకటకలాడతాయి, పది గజాలకు ఆపమంటారు. ఇక్కడి వికలాంగుల చట్టం ప్రకారం రెండు ఇటుకల మధ్య ఎత్తు తేడా పావు అంగుళం దాటితే అంచు వాలుగా చేయాలి, అర అంగుళం దాటనివ్వరు. మీ వీధిలో బయటపడ్డ పాత ఇటుకలను అందం కోసం నడిచే దారిలో మళ్లీ పరుస్తామంటే ఒప్పుకోకండి. బండ్లు నిలిపే పక్కవరసకు వాడమనండి. నడిచే చోట అంచులు సమంగా ఉన్న కొత్త ఇటుక ఉండాలి. ముసలివాళ్లు మీ దుకాణానికి రాలేకపోతే వీధి అందం ఎవరికి?

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు భయాలు. వీధి ఎన్నాళ్లు మూస్తారో అని ఒకటి. పక్క ఊరి ఇటుకల మీద తెల్లగా చౌడు పూసినట్టు ఉంది, అది రెండోది.

జవాబు (ఒహాయో ఇంజనీరు):

ఆ తెలుపు చౌడు వంటిదే. నీటితో పైకి వచ్చిన లవణాలు. చాలావరకు వానలకు కొట్టుకుపోతుంది, పొడిగా ఉన్నప్పుడు గట్టి చీపురుతో రుద్దితే పోతుంది. తొందరపడి యాసిడ్ పోయనివ్వకండి. ఏళ్ల తరబడి పోకపోతే కింద నీరు నిలుస్తోందని అర్థం, మళ్లీ ఆ రంధ్రాల దగ్గరికే వస్తాం.

మూత సంగతి: ఇటుకలు పరిచాక ఆరేదాకా ఆగనక్కర్లేదు. దిమ్మిస యంత్రంతో కుదించి, సందుల్లో ఇసుక నింపగానే నడవవచ్చు. ఆలస్యమంతా కింది పనిదే. అందుకని నీరు, మురుగు, గ్యాస్ గొట్టాలు ఏవి పాతవో అవన్నీ ఇప్పుడే మార్చమని పట్టుబట్టండి. ఒక్కో పక్క తవ్వుతూ, ప్రతి దుకాణానికి నడకదారి ఉంచుతామని కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి. ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ఇటుకలైతే చదరపు అడుగుకు నాలుగున్నర పడతాయి. వంద అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పుకు 18,000. దాని మీద 5 శాతం అదనంగా కొని ఊరి గిడ్డంగిలో పెట్టమనండి. పదేళ్ల తర్వాత గొట్టం కోసం తవ్వినప్పుడు అదే బట్టీ ఎరుపు మళ్లీ దొరకదు.

ప్రశ్న అడిగినవారు:

అన్నయ్యా, అన్నీ రాసుకున్నాను. మంగళవారం ఆ పాత ఇటుకను కూడా వెంట తీసుకెళ్తున్నాను. ఇంకో పాత ఇటుకతో కొట్టి చూశాను, ఖంగుమని మోగుతోంది.